ఖాళీ గడిలో సున్నా

మీకు దగ్గరి దవాఖానలో ఈ క్షణాన పాము కాటుకు మందు ఉందా?

ఎవరినీ అడగకుండా, ఫోన్ ముట్టుకోకుండా చెప్పండి. చెప్పలేరు. అయినా మీరు "లేదు" అనరు, "తెలియదు" అంటారు. ఆ రెండు మాటలూ ఒకటి కావని మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. నేను చదువుకున్న సాక్ష్య చట్టం ఈ తేడాను తన మొదటి నిర్వచనాల్లోనే చెప్పింది. ఒక విషయం రుజువైంది కావచ్చు, కాదని రుజువైంది కావచ్చు, రుజువు కానిదీ కావచ్చు. మూడోదాన్ని రెండోదాని కింద జమకట్టిన న్యాయమూర్తి తీర్పు పైకోర్టులో నిలవదు. ఇంత స్పష్టమైన తేడాను, అది బాగా తెలిసిన మనిషే ఒకరు, పెద్ద రద్దీ ఏమీ లేని ఒక ఆదివారం పూట చెరిపేశారు. ఆయన పేరు దేవరాజు. ఆయనది ఆత్మకూరు.

బస్టాండు ఎదురుగా ఆయన దుకాణం. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. వనపర్తిలో డిప్లొమా చదివారు. హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఆ జీవితం గిట్టక తిరిగొచ్చారు. గొంతు పెద్దది. బస్సు హారన్ కొడుతున్నా ఆయన మాట వినిపిస్తుంది. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల సిబ్బంది ప్రింట్ల కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. అలా వాళ్ల నంబర్లన్నీ ఆయన ఫోన్లో చేరాయి. నంబర్లు చేరిన సంగతి ఊరికి తెలిసింది. ఇక వానాకాలం వస్తే చాలు, ఏదో ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చేది. "దేవరాజన్నా, మావోన్ని పాము గరిచింది, మందు యాడున్నది?" ఆయన చేతిలో కాగితాలు అలాగే పట్టుకుని, ఒక్కొక్క దవాఖానకూ ఫోన్ చేసి, ఉన్నచోటు కనుక్కుని చెప్పేవారు. అంతవరకూ జిరాక్స్ మిషను దగ్గర నలుగురు నిలబడి ఉండేవారు.

"నువ్వు జిరాక్స్ కాడ కూసున్నవా, కంట్రోల్ రూముల కూసున్నవా?" అనేవారు ఆయన భార్య మాలతి. ఆమెది పక్కనే కుట్టు మిషను. "గా నలుగురు పోయి ఎదురుంగ జిరాక్స్ తీపిచ్చుకుంటున్నరు, సూడు."

"పోనియ్యే. ఆళ్లకు కాయితమే గద పోయేది," అనేవారాయన.

ఫోన్లు పెరిగేకొద్దీ, ఈ పని మనిషి గొంతుతో అయ్యేది కాదనిపించింది. వీడియోలు చూసి, తప్పులు చేసి, దిద్దుకుని, ఫోన్ యాప్ తయారుచేయడం నేర్చుకున్నారు. దానికి "మందుందా" అని పేరు పెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో తనకు తెలిసిన దవాఖానలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కొక్క వరుసలో దవాఖాన పేరు, ఫోన్ నంబరు, ఒక గడి. మందు ఉంటే గడిలో పచ్చటి అంకె. లేకపోతే ఎర్ర సున్నా. ఆ గడిని నింపేది దవాఖానలోని ఫార్మసిస్టే. దేవరాజు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, ఎవరి ప్రకటనలూ వేయలేదు. ఆయన జీవితంలో తనది అని చెప్పుకున్న పని అదొక్కటే. పెళ్లిళ్లలో కలిసినవాళ్లకు కూడా జిరాక్స్ దుకాణం గురించి చెప్పేవారు కాదు, "మందుందా నాదే" అనేవారు.

మొదటి ఏడాదే ఒక చిక్కు వచ్చింది. నల్లమల అంచున ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో కృప అనే ఫార్మసిస్టు తన గడిని నింపకుండా వదిలేస్తున్నారు. దేవరాజు ఫోన్ చేశారు.

"కృపమ్మా, గడి ఖాళీగున్నది. జర నింపరాదు?"

"నింపనన్నా. నా కాడ ఒక్కరికి సరిపోయేంతనే ఉన్నది. ఉన్నదని పెడితే ఇద్దరొస్తరు, రెండోటోనికి నేనేం జెప్పాలె? లేదని పెడితే మందు ఫ్రిజ్‌లనే పడుంటది, మనిషి ముంగటికెల్లి పోతడు. ఖాళీ ఉంటె ఏమైతది? ఫోన్ కొడ్తడు. ఫోన్ కొడితే వచ్చేదాక ఆపి పెడ్త."

దేవరాజు ఆలోచించి, ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, ఆ పద్ధతి ఆయనకు ఎంతో నచ్చింది. మిగతా దవాఖానలవాళ్లు కూడా అదే పాటించారు. మందు కొద్దిగా ఉంటే ఖాళీ, ఫ్రిజ్ తెరిచి చూడకపోతే ఖాళీ, సెలవులో ఉంటే ఖాళీ. యాప్ వాడేవాళ్లందరికీ ఆయన తన పెద్ద గొంతుతో ఒకటే చెప్పేవారు: "ఖాళీ కనవడితే ఫోన్ కొట్టుండ్రి." తోటల కాపలాదారులకూ, ఆటోవాళ్లకూ, కృష్ణలో వలలు వేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. కానీ ఎక్కడా రాసి లేదు. ప్రోగ్రాములో కూడా రాసి లేదు. గడిలో ఏమీ రాకపోతే తెర మీద ఏమీ కనిపించదు, అంతే. ఆ ఏమీ లేకపోవడానికి మూడు జిల్లాల్లో ఒక అర్థం ఉందని ప్రోగ్రాముకు తెలియదు.

ఇలా కొన్నేళ్లు నడిచింది. రెండు వేల ఇరవై మూడు ఎండాకాలం వచ్చింది.

దేవరాజు వాడిన ప్రోగ్రామింగ్ భాషకు కొత్త నియమం ఒకటి వచ్చి అప్పటికే రెండేళ్లు దాటింది. దాన్ని నల్ సేఫ్టీ అంటారు. సంగతి కష్టమైనది కాదు. ప్రోగ్రాములో సమాచారం ఉండే ప్రతిచోటునూ ఒక గడి అనుకోండి. పాత పద్ధతిలో ఏ గడి అయినా ఎప్పుడైనా ఖాళీగా ఉండవచ్చు. ప్రోగ్రాము అందులో చెయ్యి పెట్టి, ఏమీ దొరకక, ఉన్నపళంగా కూలిపోవచ్చు. కొత్త నియమం ప్రకారం ప్రతి గడీ ముందుగానే మాట ఇవ్వాలి: నేను ఖాళీగా ఉండవచ్చు, లేదా ఎన్నటికీ ఖాళీగా ఉండను. ఖాళీగా ఉండవచ్చన్న గడిని వాడే ప్రతిచోటా, ఖాళీ అయితే ఏం చేయాలో ప్రోగ్రాము రాసినవాళ్లు చెప్పి తీరాలి.

నియమం మంచిదే. తెలియనిదాన్ని తెలియదని ముందే ఒప్పుకోమనే నియమాన్ని నేను తప్పుపట్టలేను. మన కార్యాలయాల్లో సగానికి ఆ మర్యాద లేదు. కష్టమంతా పాత ప్రోగ్రాములది. ఆ భాషకు ఆ ఎండాకాలంలో రానున్న కొత్త వెర్షన్ పాత పద్ధతిలో రాసినదాన్ని అసలు స్వీకరించదు. పాత ప్రోగ్రామును కొత్త నియమానికి తనంతట తానే మార్చిపెట్టే పరికరం ఒకటి ఉంది, ఆ వెర్షన్‌తో అది కూడా ఉండదు. దేవరాజు ఏళ్ల తరబడి దుకాణం పనుల మధ్య రాసుకున్నదంతా ఇప్పుడు మార్చాలి. మార్చకపోతే యాప్ క్రమంగా కొత్త ఫోన్లలో ఎక్కదు, పాతబడి పోతుంది. కొల్లాపూర్ వైపు మామిడి కోతలు మొదలయ్యాయి. గడ్డిలో, ఆకుల్లో చేతులు పెట్టి పనిచేసే కాలం అది. ఆ కాలంలో మందుందా ఆగకూడదు. అందుకని ఆయన ఆదివారం దుకాణం సగం తెరిచి, పరికరాన్ని నడిపించారు.

మాలతి చాయ్ తెచ్చి పెట్టారు. ఆయన తాగేలోపే తెర మీద పని పూర్తయిందని వచ్చింది.

"అయిపోయిందా?" అన్నారామె నమ్మలేక.

"అయిపోయిందంటున్నది."

"నువ్వు గిన్నేండ్లు రాసిందాన్ని చాయ్ సల్లారకముందే తిరగరాసిందా? నిన్నెందుకు మరి, దాన్నే కూసోబెడ్త దుకాన్ల. మాటకు మాటన్న అనదు."

"అన్నం గూడ అడగదే," అని ఆయన నవ్వారు.

పరికరం మోసం చేయలేదు. తాను చేసిన ప్రతి మార్పునూ, దానికి కారణాన్నీ పక్కనే చూపించింది. చదివి ఒప్పుకుంటేనే ఆమోదించమంది. దేవరాజు మొదటి కొన్ని తెరలు శ్రద్ధగా చదివారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తనకంటే శుభ్రంగా రాసిందని ముచ్చటపడ్డారు కూడా. అంతలో హాల్‌టికెట్ల కోసం పిల్లలు వచ్చారు. వాళ్లను పంపి, మిగతాది చదవకుండానే ఆమోదించారు. చదవకుండా సంతకం పెట్టినవాళ్లను రోజూ కోర్టులో చూస్తాను కాబట్టి ఇక్కడ నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే అన్నీ చదివి ఉంటే ఆయనకు తప్పు కనిపించేదా అంటే, కనిపించేదని ఒట్టు వేయలేను.

ఎందుకంటే పరికరం చేసిన తప్పు చూడడానికి తప్పులా లేదు. అది ప్రోగ్రామంతా గాలించి, ఏ గడిలో ఎక్కడి నుంచి ఏం వచ్చి పడుతుందో వెతికింది. మందు గడిలో ఖాళీ పడుతుందని ప్రోగ్రాములో ఎక్కడా రాసి లేదు. ఖాళీ వచ్చేది బయటి నుంచి, నల్లమల అంచున ఒక ఫార్మసిస్టు కావాలని నింపకుండా వదలడం నుంచి. పరికరానికి కృప తెలియదు. రాసినదాన్ని మాత్రమే చదివి, ఈ గడి ఎన్నడూ ఖాళీగా ఉండదని తేల్చేసింది.

మార్చిన యాప్‌ను దేవరాజు తన ఫోన్లో తెరిచారు. కృప వరుస దగ్గరికి రాగానే అది కూలిపోయింది. కారణం ఆయనకు వెంటనే అర్థమైంది. గడి ఖాళీగా ఉండవచ్చని తెలిపే ప్రశ్నార్థకం గుర్తును ప్రోగ్రాములో దాని పక్కన చేర్చారు. చేర్చగానే ఆ గడిని వాడే ప్రతిచోటా ఎర్ర గీతలు లేచాయి. పేర్లను వరుసలో పెట్టేచోట, దారి చూపేచోట, రంగు వేసేచోట, అన్నిచోట్లా ఒకటే ప్రశ్న: ఖాళీ అయితే ఏం చేయమంటావు? ఒక్కొక్కదానికీ కూర్చుని జవాబు రాయాలి. లేదా మూలంలోనే ఒక్క ముక్క చేర్చాలి: ఖాళీ వస్తే దాన్ని సున్నా అనుకో. ఆయన ఆ ముక్క చేర్చారు. గీతలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

"లేదంటె తప్పేమున్నది మేడం, ఇంకో దవాఖానకు పోతరు గద అనుకున్న," అని తరువాత నాతో అన్నారు. "లేంది ఉన్నదంటెనే ఖతర్నాక్ అనుకున్న. కోతలు కానియ్యి, కూసోని సాఫ్ చేద్దమనుకున్న." ఈ మూడు వాక్యాల్లో దురుద్దేశం ఎక్కడుందో వెతికాను. దొరకలేదు.

కొత్త యాప్ ఫోన్లలోకి వెళ్లింది. ఖాళీగా ఉన్న గడులన్నీ ఎర్ర సున్నాలయ్యాయి.

బసవమ్మ, రాములు గద్వాల దగ్గరి ఊరివాళ్లు. ఏటా మామిడి కాలంలో కృష్ణ ఒడ్డున, కొల్లాపూర్ దాటాక ఉండే తోటలకు కోత పనికి పోతారు. రాములు చెట్టెక్కుతాడు, బసవమ్మ కింద కాయలు ఏరి, చిన్నవీ పెద్దవీ వేరు చేసి, వరిగడ్డి పరిచి సర్దుతుంది. ఆ మధ్యాహ్నం గడ్డి మోపు కింద చెయ్యి పెట్టింది. రక్తపింజర ఆమె కుడిచేతి వేళ్ల మీద కాటేసింది.

రాములు బెదరలేదు. నిరుడు తోట కాపలాదారు తన ఫోన్లో ఎక్కించిన మందుందాను తెరిచాడు. కృప పనిచేసే దవాఖాన ఆ తోటకు అన్నిటికన్నా దగ్గర. దాని ఎదుట ఎర్ర సున్నా. దగ్గరలోని మరో రెండింటి ఎదుటా సున్నాలే. పచ్చటి అంకె ఉన్నది నాగర్‌కర్నూల్‌లో. కాయల ఆటో ఖాళీ చేయించి భార్యను ఎక్కించాడు. కృప దవాఖాన ముందు నుంచే ఆటో వెళ్లింది. లోపల ఫ్రిజ్‌లో ఒక్కరికి సరిపోయే మందు ఉంది.

బసవమ్మ బతికింది. చెయ్యి మాత్రం మోచేతిదాకా వాచి, నల్లబడి, చివరికి రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది. మూడో వేలు వంగదు.

జరిగింది కృపకు మరునాడు తెలిసింది. ఆటో డ్రైవరు చెప్పాడు. ఆమె తన ఫోన్లో మందుందా తెరిచి, తన దవాఖాన ఎదుట సున్నాను చూసి, దేవరాజుకు ఫోన్ చేశారు.

"అన్నా, నేను ఖాళీ ఇడిచిన. సున్నా ఎవరు పెట్టిండ్రు?"

"మిషనమ్మా…" అని, దేవరాజు ఆగి, "కాదు. నేనే," అన్నారు.

"నా ముంగటికెల్లి పోయిండ్రంట. నేను బయటనే నిలవడి ఉన్ననన్నా. ఆటో పోతుంటె సూసిన."

అంతకుమించి ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన ఇప్పటికీ అంటారు.

ఆ సాయంత్రమే ఆయన ప్రోగ్రామును సరిదిద్దారు. ఎర్ర గీతలు ఒక్కొక్కదానికీ కూర్చుని జవాబు రాశారు. ఖాళీ గడి మళ్లీ ఖాళీ అయింది, దాని కింద "ఫోన్ చేసి అడగండి" అని కూడా చేర్చారు. మొదటే చేయవలసిన పని, చేయలేనంత పెద్దది కాని పని. సరిచేసిన యాప్ బయటికి వెళ్లింది. అక్కడితో అయిపోయిందనుకున్నారు.

నేను ఇందులోకి వచ్చింది రాములు వల్ల. వనపర్తి కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం కోసం వచ్చి నా ముందు కూర్చున్నాడు. "దవాఖానోళ్లు మందు పెట్టుకొని లేదన్నరు మేడం. కేసు ఎయ్యాలె," అన్నాడు. నాకు ఆవేశం వచ్చింది. నోటీసు రాయడం మొదలుపెట్టాను. పూర్తి చేసేముందు కృపను కలిశాను. ఆమె తన ఫోన్లో తాను ఖాళీగా వదిలిన గడిని చూపించారు. అక్కడి నుంచి ఆత్మకూరుకు బస్సెక్కాను. దేవరాజు దుకాణంలో నిలబడి, నా గొంతు ఆయన గొంతు కంటే పెద్దదయ్యేలా అడిగాను. ఆయన దేన్నీ దాచలేదు. ఇంతవరకూ మీకు చెప్పినదంతా అలా తెలిసిందే.

తప్పు ఎవరిదో తేల్చడమే నా చదువు. తేల్చబోయాను. పరికరం చేసినవాళ్లు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా, ఏ హామీ లేకుండా ఇస్తున్నామని ముందే రాసిపెట్టారు. పైగా మార్పులన్నీ చూపించి చదవమన్నారు. సున్నా పెట్టింది వాళ్లు కాదు. దవాఖాన "లేదు" అని చెప్పనే లేదు. మిగిలింది ఊరికి ఉచితంగా మేలు చేయబోయిన ఒక జిరాక్స్ దుకాణదారు. సరే, ఆయన మీదే అనుకుందాం. ఆలస్యం వల్లనే వేళ్లు పోయాయని రుజువు కావాలి. నాగర్‌కర్నూల్‌లో ఆమెకు వైద్యం చేసిన డాక్టరును అడిగాను.

"ముందే మందు పడితే వేళ్లు దక్కేవేమో. దక్కకపోయేవేమో కూడా. ఈ పాము విషం కాటేసినచోట కండను తినేస్తుంది. నిజం చెప్పాలంటే, తెలియదు."

రుజువు కాలేదు. కాదనీ రుజువు కాలేదు. ఆ గడి ఖాళీ. సగం రాసిన నోటీసు పక్కన పెట్టేశాను.

దేవరాజు బసవమ్మను చూడాలన్నారు. ఒంటరిగా వెళ్లే ధైర్యం ఆయనకు లేదు. ఇద్దరం ఆత్మకూరు నుంచి గద్వాలకు, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరికి వెళ్లాం. రాములు పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టె తడుతున్నాడు. పిండి అంచులు విరిగిపోతున్నాయి. బసవమ్మ గోడకు ఆనుకుని, కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"కూసోండ్రి బిడ్డ," అంది నాతో. "రొట్టె పెడ్దమంటె మా ఆయన చేసింది తినగలరా ఏందో? నిన్న కుక్కకేస్తె మూతి తిప్పుకొని పోయింది."

"నువ్వు చెప్పవడితివి, నేను తట్టవడితిని," అన్నాడు రాములు. "గట్ల తిప్పు, గిట్ల తిప్పు అని పానం తీస్తున్నది మేడం."

దేవరాజు కూర్చోలేదు. "అక్కా, ఆ యాప్ నాది. గా సున్నా నేను పెట్టిన," అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేను మొదటిసారి విన్నాను.

రాములు చేతిలోని పిండి ముద్ద పళ్లెంలో పెట్టాడు. లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను.

"నీకు తెల్వకపోతె తెల్వదనొద్దా సారు?" అన్నాడు. "ఖాళీ ఇడిస్తె నేను ఫోన్ కొట్టకపోతుంటినా? కాపలా అన్న నాకు జెప్పిండు, ఖాళీ ఉంటె ఫోన్ కొట్టాలెనని. నాకు తెలుసు. నాకు తెలిసింది నీకు తెల్వదా?"



"ఏన్ మాడ్లి," అంది బసవమ్మ, ఏం చేయాలి అనే మాటను కన్నడంలో తనలో తాను అనుకున్నట్టుగా. వాళ్ల అమ్మగారిది రాయచూరు వైపు. తరువాత తలెత్తి దేవరాజును అడిగింది. "అయింది అయింది. ఇప్పుడన్న గా సున్నా పోయిందా?"

"తీసేసిన అక్కా. ఇప్పుడు లేదు."

రాములు జేబులోంచి ఫోన్ తీశాడు. పిండి వేళ్లతోనే మందుందాను తెరిచి ఆయన ముందు పెట్టాడు. కృప దవాఖాన ఎదుట ఎర్ర సున్నా అలాగే ఉంది.

ఫోన్లో చోటు నిండిపోయి, సరిచేసిన యాప్ ఎక్కలేదు. దేవరాజు అక్కడే కూర్చుని, పనికిరాని వీడియోలు తీసేసి, కొత్తదాన్ని ఎక్కించారు. సున్నా పోయింది. కానీ ఇలాంటి ఫోన్లు ఇంకెన్ని తోటల్లో, ఎన్ని ఆటోల్లో, కృష్ణలో వలలు వేసేవాళ్ల ఎన్ని పుట్టీల మీద ఉన్నాయో ఆయనకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

"మల్లా గిట్ల కానియ్యవు గద?" అంది బసవమ్మ మేము లేచేటప్పుడు.

ఆయన "కానియ్య" అనలేదు. అనాలని నేను ఎదురుచూశాను. దండం పెట్టి బయటికి నడిచారు.

తిరుగు బస్సులో నా ఓపిక నశించింది. "ఇంకా ఎందుకు నడుపుతున్నారు? ఈరోజే మూసేయండి," అన్నాను.

"మూస్తె ఏమైతదో తెలుసా మేడం?" అన్నారు కిటికీలోంచి చూస్తూ. "గా సున్నా యాప్ ఇంకా ఉన్న పాత ఫోన్లు నన్ను అడుగుతయి, మందుందా అని. నేను మూసేసుకుంటె జవాబు రాదు. జవాబు రాకుంటె గడి ఖాళీ. ఖాళీ ఉంటె సున్నా. అన్ని దవాఖానల కాడ సున్నా. మూడు జిల్లాలల్ల యాడా మందు లేదని చెప్తది."

నడిపితే కొన్ని అబద్ధాలు, మూస్తే అన్నీ అబద్ధాలే. ఆయన పెట్టిన సున్నా ఆయనకే అందని చోట ఉంది. నా చట్టం దగ్గర దీనికి ఉత్తర్వు ఏదీ లేదు. ఎవరికని ఇవ్వాలి? ఎక్కడో తోటలో చోటు నిండిపోయిన ఒక ఫోనుకా?

"పోనీ ఖాళీ ఉన్నకాడ ఒకటి అని పంపుతె?" అని ఆయనే అని, ఆయనే తల అడ్డంగా ఊపారు. "లేనికాడికి పోతరు."

తరువాతి వారం ఆత్మకూరు వెళ్లినప్పుడు ఆయన దుకాణంలో లామినేషన్ మిషను పక్కన కంప్యూటరు ముందు అలాగే కూర్చుని ఉన్నారు. బయట పని కోసం వచ్చినవాళ్లను మాలతి చూసుకుంటున్నారు.

"తింటలేడు, మాట్లాడుతలేడు," అన్నారామె నాతో. "కొత్తగ మల్లొక వెర్షన్ వచ్చిందంట. మల్లా మార్చాలెనంట. ఏడాదికొకపారి వస్తనే ఉంటదంట గద? గీ ఒక్క మనిషి ఎన్నిటికని సదువుతడు, ఎన్నిటిల్ల సూస్తడు మేడం?"

ఆ మాట ఆయన విన్నారు. తల తిప్పలేదు.

"సదవలేను," అన్నారు. "అక్క అడిగింది, మల్లా కానియ్యవు గద అని. కానియ్య అందమంటె నోరు రాలే. మల్లా మిషన్‌తోనే మార్పించాలె, మల్లా కొంత సదివి కొంత సదవకుంట ఒప్పుకోవాలె. నాకు తెలుసు."

"అయితే ఎవరికైనా అప్పగించండి," అన్నాను. "ప్రభుత్వానికి రాద్దాం. నేను రాస్తాను."

"రాయుండ్రి మేడం. జవాబు వచ్చేదాక గడి ఖాళీనే గద."

ఆయనకు నా మీద వ్యంగ్యం లేదు. ఉన్నమాటే అన్నారు. నేను రాశాను. జవాబు రాలేదు.

ఆ వారంలో ఆయన ఒక సంగతి కనిపెట్టారు. పాత ఫోన్లలోని గడిని ఆయన మార్చలేరు. కానీ ఆ గడి పక్కన కనిపించే దవాఖాన పేరును ఫోన్ దాచుకుని ఉన్నా, ఆయన కొత్తది పంపితే పాతదాని చోట దాన్నే పెట్టుకుంటుంది. పేరు ఉండేచోట ఏ మాట పంపితే పాత ఫోనైనా, కొత్త ఫోనైనా దాన్నే చూపిస్తుంది. ఆయన చెయ్యి ఇంకా అందే చోటు అదొక్కటే.

ఆ సోమవారం దేవరాజు నిర్ణయం తీసుకున్నారు. మందుందాలో ఇక మందు లెక్క ఉండదు. కొద్దిగా ఉన్నచోటే కాదు, నిండుగా ఉన్నచోట కూడా, ఎందుకంటే తాను చదవని తరువాతి మార్పు ఏ గడిని ఏం చేస్తుందో ఆయన చెప్పలేరు. ఫార్మసిస్టులందరికీ తానే ఫోన్ చేసి, ఇక మీదట గడి నింపవద్దని చెప్పారు. ప్రతి దవాఖాన పేరు వెంట ఒకే వాక్యం పంపాలని తేల్చుకున్నారు: "మందున్నదో లేదో ఈ యాప్‌కు తెల్వదు, ఫోన్ చేసి అడుగుండ్రి." దాని పక్కన ఆ ఫార్మసిస్టు నంబరు, అది ఎత్తకపోతే తన దుకాణం నంబరు. ఏళ్లపాటు తనది అని చెప్పుకున్న పనిని తన చేత్తోనే తీసేసి, చేతిలో కాగితాలు పట్టుకుని ఫోన్లు చేసే పాత పనికి మళ్లీ కూర్చోవాలని నిశ్చయించుకున్నారు. ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలియని ఆ పాత ఫోన్లలో వాక్యం ఎదుట ఎర్ర సున్నా ఇంకా కనిపిస్తూనే ఉంటుందని ఆయనకు తెలుసు. అయినా ఆ మాటే పంపారు.